దేశపు డొమైన్ రిజిస్ట్రీని నడపడం ఎలా? ఒక్క పంక్తి మారే దారిని కాపాడుకోవడం

2009 అక్టోబర్ 12 రాత్రి స్వీడన్ దేశపు డాట్ ఎస్‌ఈ కింద ఉన్న వెబ్‌సైట్లు, మెయిళ్లు ఒక్కసారిగా అందకుండా పోయాయి. ఎవరూ దాడి చేయలేదు. డొమైన్ కిందున్న పేర్ల జాబితా అయిన జోన్ ఫైలును తయారుచేసే స్క్రిప్టును మార్చినప్పుడు పేర్ల చివర ఉండాల్సిన చుక్క రాలిపోయింది. చుక్క లేకపోతే పేరు పూర్తికాలేదని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, చివర డాట్ ఎస్‌ఈని మరోసారి అతికిస్తుంది. అలా ప్రతి పేరుకూ రెండు తోకలు వచ్చాయి. తప్పును గంట సేపట్లో సరిదిద్దారు. కానీ అప్పటికే తప్పుడు జవాబులను దాచుకున్న రిజాల్వర్లు (మన తరఫున పేర్లను వెతికిపెట్టే సర్వర్లు) ఇంకా చాలాసేపు వాటినే చెబుతూ ఉన్నాయి.

మీరు ఒక దేశపు డొమైన్ రిజిస్ట్రీ బాధ్యత తీసుకుంటున్నా, అందులో ఇంజినీరుగా చేరుతున్నా, దానిని పర్యవేక్షించే బోర్డులో ఉన్నా ముందు ఆ చుక్కను గుర్తుపెట్టుకోండి. రిజిస్ట్రీ అంటే చివరికి ఒక జాబితా. ఏ పేరుకు ఏ నేమ్‌సర్వరో, అంటే దాని చిరునామా చెప్పే సర్వరు ఏదో, రాసిన పంక్తులు, అంతే. దాడి చేసేవాడికి కావలసింది అందులో ఒక పంక్తి మారడం. కోర్టు ఆర్డరు పట్టుకొచ్చిన అధికారి అడిగేదీ అదే. అలసిపోయిన ఉద్యోగి అర్ధరాత్రి పొరపాటున చేసేదీ అదే. అందుకే సైబర్ భద్రతను ఒక విభాగానికి, చట్టపరమైన ఒత్తిళ్లను ఇంకో విభాగానికి పంచేసి ఊరుకోవడం సరిపోదు. పంక్తి మారడానికి ఒకే ఒక్క దారి ఉండాలి. ఆ దారిలో ఎవరు నడిచినా ఒకే రకమైన తనిఖీ ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఆ దారిని కట్టడం గురించే.

ముందుగా: ఇది మీ ఆస్తి కాదని కాగితం మీద పెట్టండి

1994 మార్చిలో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1591 అనే ఇంటర్నెట్ నియమ పత్రం చదవండి. కొద్ది పేజీలే. దేశపు డొమైన్‌ను నడిపేవారు ఆ దేశ ప్రజలకూ, మొత్తం ఇంటర్నెట్ సమాజానికీ ట్రస్టీలని, డొమైన్ మీద హక్కులు, యాజమాన్యం గురించి మాట్లాడటం తగదని, బాధ్యత, సేవ గురించి మాట్లాడాలని అందులో ఉంది. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: ధర్మకర్త. గుడి ధర్మకర్తది కాదు, కానీ తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. లెక్క అడిగే హక్కు అందరికీ ఉంటుంది.

ఏది దేశం, ఏది కాదు అనే తగవులో కూడా ఇంటర్నెట్ తల దూర్చదు. దేశాల కోడుల ఐఎస్ఓ 3166 జాబితాలో ఉన్న రెండక్షరాల కోడునే తీసుకుంటుంది. ఆ జాబితా మారితే కోడుకు కూడా కాలం చెల్లుతుంది. యుగోస్లావియా వారి డాట్ వైయూను 2010లో రూట్ (అన్ని డొమైన్లకూ పైనుండే మూల జాబితా) నుంచి తీసేశారు.

ఇక చేయాల్సినది. మీకు ఈ బాధ్యత ఏ పత్రం ద్వారా వచ్చిందో వెతికి తీయండి. అది చట్టమా, ప్రభుత్వంతో ఒప్పందమా, లేక తొంభైలలో ఒక విశ్వవిద్యాలయానికి వచ్చిన ఈ-మెయిలా? చాలా దేశాల్లో మొదలు విశ్వవిద్యాలయాల్లోనే జరిగింది, చాలా చోట్ల కాగితం ఆ మెయిల్ దగ్గరే ఆగిపోయింది. అలా ఉంటే గొడవ లేని రోజుల్లోనే దానిని సరిచేసుకోండి. ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, ప్రభుత్వం ఏది అడగవచ్చు, ఏది అడగకూడదు, బోర్డును ఎవరు తీసేయగలరు అనేవి స్పష్టంగా రాయండి. బ్రిటన్ రిజిస్ట్రీ నామినెట్‌లో 2021 మార్చిలో సభ్యులే ఓటు వేసి ఛైర్మన్‌ను, మరికొందరు డైరెక్టర్లను బోర్డు నుంచి తప్పించారు. అంత తగవు నడుస్తున్నా డాట్ యూకే పేర్లు పనిచేస్తూనే ఉన్నాయి. పైన ఎంత గాలివాన వచ్చినా కింద జోన్ ఫైలు కదలకూడదు. నియమాలు రాసుకునేది అందుకే.

రూట్ జాబితా వివరాలు చూసుకునే ఐయానా డేటాబేసులో మీ దేశపు కోడు ఎదురుగా ఉన్న సంప్రదింపు వివరాలు ఈరోజే చూడండి. ఆ మెయిల్ చిరునామా రిటైరైన మనిషిదై ఉండవచ్చు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అది మీ సొంత డొమైన్ కిందే ఉండవచ్చు. మీ డొమైన్ పడిపోయిన రోజున రూట్‌లో మార్పు కోరాలంటే ఆ మెయిల్ కూడా పనిచేయదు. ఒకటి కచ్చితంగా వేరే డొమైన్ కింద పెట్టండి.

ఇంకో నిజం ముందే తెలిసి ఉండాలి. డాట్ కామ్ లాంటి జెనరిక్ డొమైన్లలో ఒక రిజిస్ట్రీ కూలిపోతే దాన్ని తాత్కాలికంగా నడపడానికి ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ ఏర్పాటు చేసిన అత్యవసర ఆపరేటర్లు ఉన్నారు. దేశపు డొమైన్లకు ఆ ఏర్పాటు వర్తించదు. మీరు పడిపోతే లేపడానికి వచ్చేవాళ్లను మీరే ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి.

జోన్ ఫైలు బయటికి వెళ్లే గుమ్మం

ఈ పనికి అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. 2010 మే 12న జర్మనీ డాట్ డీఈలో సగంలో తెగిపోయిన జోన్ ఫైలు కొన్ని సర్వర్లకు వెళ్లింది. ఉన్న పేర్లను అడిగినా "అలాంటి పేరే లేదు" అని ఆ సర్వర్లు జవాబిచ్చాయి. డాట్ డీఈ ప్రపంచంలోని అతిపెద్ద దేశపు డొమైన్లలో ఒకటి. మెయిల్ సర్వర్లు "లేదు" అనే మాటను నమ్మి ఉత్తరాలను తిప్పి పంపేశాయి. సర్వర్ జవాబే ఇవ్వకపోతే మెయిల్ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. "లేదు" అంటే మాత్రం ఆగదు. అంటే తప్పు జవాబు ఇవ్వడం కంటే మౌనంగా ఉండటం నయం. మీ వ్యవస్థనంతా ఈ సూత్రం మీద కట్టండి: అనుమానం వస్తే కొత్త ఫైలు వెళ్లదు, పాతదే కొనసాగుతుంది.

కొత్త జోన్ తయారైన ప్రతిసారీ, బయటికి వెళ్లే ముందు, దాన్ని తయారుచేసిన ప్రోగ్రాముతో సంబంధం లేని మరో ప్రోగ్రాము దానిని పరీక్షించాలి. ఒకే ప్రోగ్రాము రాసి, తానే సరిచూసుకుంటే తన తప్పు తనకు కనబడదు. మొదట గత ఫైలుతో పోల్చి చూడాలి: ఎన్ని పేర్లు తగ్గాయి, ఎన్ని పెరిగాయి, ఎన్నింటి నేమ్‌సర్వర్లు మారాయి. మీ రోజువారీ మార్పు ఎంతో కొన్ని నెలల లెక్క తీస్తే తెలుస్తుంది. దానికి కొంచెం పైన గీత గీయండి. గీత దాటితే ఫైలు ఆగాలి, మనిషికి ఫోన్ మోగాలి. తర్వాత కాపలా పేర్లు. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ పోర్టళ్లు, విద్యుత్ సంస్థలు, పెద్ద మెయిల్ సర్వీసులు, ఇలా ఒక వంద పేర్ల జాబితా పెట్టుకోండి. కొత్త ఫైలును పరీక్ష సర్వర్‌లో ఎక్కించి, ఆ వంద పేర్లను నిజంగా అడిగి, జవాబులు సరిగ్గా వచ్చాకే ముందుకు పంపండి. ఫైలు ఎన్నోదో చెప్పే సీరియల్ నంబరు పెరిగిందా, జవాబు అసలైనదని రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు సరిపోతున్నాయా, చివరి పంక్తి నిజంగా చివరిదేనా అన్నవి కూడా యంత్రమే చూడాలి.

వెనక్కి వెళ్లడం గురించి ఒక చిక్కు చెప్పాలి. ఏదో తప్పు జరిగితే "నిన్నటి ఫైలు పెట్టేద్దాం" అనుకుంటాం. కానీ ఫైలు నకలు ఉంచుకునే సెకండరీ సర్వర్లు తమ దగ్గర ఉన్నదాని కంటే పెద్ద సీరియల్ నంబరు ఉంటేనే కొత్త ఫైలు తీసుకుంటాయి. నిన్నటి ఫైలును నిన్నటి నంబరుతో పెడితే అవి పట్టించుకోవు. పాత సమాచారాన్ని కొత్త నంబరుతో, కొత్త సంతకాలతో పంపాలి. దీన్ని అర్ధరాత్రి టెన్షన్‌లో కనిపెట్టకూడదు. ఒక స్క్రిప్టుగా రాసి, నెలకోసారి పరీక్ష వాతావరణంలో నడిపి చూడండి. "ఈ పేరు లేదు" అనే జవాబును రిజాల్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో జోన్ మొదట ఉండే ఎస్‌ఓఏ రికార్డు చివరి అంకెతో మీరే చెబుతారు. దాన్ని తక్కువగా ఉంచండి. గంట కంటే ఎక్కువ ఉండాల్సిన అవసరం నాకైతే కనబడదు.

నేమ్‌సర్వర్లు: ఒకరినే నమ్ముకోకండి

ఐయానా కనీసం రెండు నేమ్‌సర్వర్లు, అవి కూడా వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉండాలంటుంది. అది కనీసం మాత్రమే. 2015 డిసెంబర్ 14న టర్కీ డాట్ టీఆర్ సర్వర్ల మీద సెకనుకు సుమారు 40 గిగాబిట్ల వరద వచ్చి పడింది. సెకండరీగా సాయం చేస్తున్న, యూరప్ ప్రాంతపు ఐపీ చిరునామాలు చూసే రైప్ ఎన్‌సీసీ సర్వర్లకూ ఆ దెబ్బ తగిలింది. ఆ రోజుల్లో అది పెద్ద దాడి. ఇప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి వస్తున్నాయి.

దీనికి ఎనీకాస్ట్ వాడండి. ఒకే చిరునామా ప్రపంచంలో పదుల చోట్ల పలుకుతుంది, దాడి ఎక్కడి నుంచి వస్తే అక్కడి సర్వరే దాన్ని మోస్తుంది. ఎనీకాస్ట్ సేవను కనీసం ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల దగ్గర తీసుకోండి. ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడకుండా చూసుకోండి. బైండ్, ఎన్‌ఎస్‌డీ, నాట్ ఉన్నాయి. ఒకదానిలో లోపం బయటపడిన రోజు రెండోది నిలబడుతుంది. దేశం లోపల కూడా కొన్ని సర్వర్లు పెట్టండి. సముద్రపు కేబుల్ తెగినా లోపలి పేర్లు లోపల పనిచేయాలి. అన్నీ లోపలే పెట్టకండి. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్ డొమైన్ నిర్వాహకులు తమ మౌలిక వసతులను దేశం బయటికి తరలించుకోవాల్సి వచ్చింది.

జోన్ తయారయ్యే అసలు సర్వరును ఎవరికీ కనబడనివ్వకండి. దాని పేరు నేమ్‌సర్వర్లను చెప్పే ఎన్‌ఎస్ రికార్డుల్లో ఉండకూడదు. సెకండరీలకు ఫైలు పంపేటప్పుడు టీసిగ్ సంతకం (ఇరువైపులకే తెలిసిన రహస్య కీతో చేసేది) తప్పనిసరి.

నేమ్‌సర్వర్ల పేర్లను కూడా చూసుకోండి. 2017లో డాట్ ఐఓకు సంబంధించిన కొన్ని నేమ్‌సర్వర్ల పేర్లు మామూలు డొమైన్లలాగా అమ్మకానికి వచ్చేశాయి. ఒక భద్రతా పరిశోధకుడు అందులో కొన్నింటిని కొన్నారు. డాట్ ఐఓ ప్రశ్నలు ఆయన సర్వరుకు రావడం మొదలైంది. ఆయన మంచివాడు కాబట్టి వెంటనే చెప్పారు. జెనరిక్ డొమైన్ అయిన డాట్ మొబి విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. పేర్ల యజమానుల వివరాలు చెప్పే దాని పాత హూయిజ్ సర్వరు పేరు గడువు తీరిపోతే, 2024లో పరిశోధకులు దాన్ని 20 డాలర్లకు కొన్నారు. కొన్ని సర్టిఫికెట్ సంస్థలతో సహా ఎన్నో చోట్ల నుంచి ప్రశ్నలు ఇంకా ఆ పాత పేరుకే వస్తున్నాయని తేలింది. మీరు ఎప్పుడో వాడి వదిలేసిన పేర్ల జాబితా రాయండి. వాటిని వదలకండి, రెన్యూ చేస్తూనే ఉండండి. ఏడాదికి అయ్యే ఖర్చు చాలా చిన్నది.

డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు

డాట్ ఎస్‌ఈ 2005లోనే సంతకం చేసింది, రూట్‌కు 2010 జూలైలో సంతకం పడింది. మీది ఇంకా కాకపోతే మొదలుపెట్టండి. కానీ ఒకటి మనసులో పెట్టుకోండి. డీఎన్‌ఎస్‌సెక్ పెట్టిన తర్వాత దొంగలు తెచ్చిన నష్టం కంటే సొంత చేతులతో తెచ్చుకున్న నష్టమే ఎక్కువగా వార్తల్లోకి వచ్చింది. 2023 మే నెలాఖరులో న్యూజిలాండ్ డొమైన్‌లో కీ మార్పిడి సమయంలో తేడా వచ్చింది. 2024 జనవరి 30న రష్యా డాట్ ఆర్‌యూలో సంతకాలు చెల్లక, సరిచూసే రిజాల్వర్ల వెనుక ఉన్నవాళ్లకు సైట్లు తెరుచుకోలేదు.

కాబట్టి కీని మార్చే ప్రతి అడుగునూ ముందు నకలు జోన్‌లో చేసి చూడండి. మీ కీని గుర్తించడానికి రూట్‌లో ఉండే మీ డీఎస్ రికార్డును రిజాల్వర్లు ఒక రోజు వరకు గుర్తుపెట్టుకుంటాయి. అంటే పాత కీని తీసేసే ముందు తొందర పనికిరాదు. కాలం లెక్క వేసి, దానికి రెట్టింపు ఆగండి. ప్రధాన కీని, కీలను భద్రంగా దాచే హెచ్‌ఎస్‌ఎం పరికరంలో ఉంచి, దాన్ని తెరవడానికి కనీసం ముగ్గురిలో ఇద్దరు కావాలనే నియమం పెట్టండి. సంతకాల గడువును మరీ దగ్గరగా పెట్టకండి. రెండు వారాల గడువుతో రోజూ తిరిగి సంతకం చేస్తూ ఉంటే, సంతకం చేసే యంత్రం పండుగ సెలవుల్లో ఆగిపోయినా సరిచేయడానికి చేతిలో సమయం ఉంటుంది. "ఈ పేరు లేదు" అనే జవాబును సంతకంతో రుజువు చేయడానికి ఎన్‌సెక్3 వాడుతుంటే అదనపు ఇటరేషన్ల సంఖ్య సున్నా చేయండి. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9276 చెప్పేది అదే. ఎక్కువ పెట్టడం వల్ల భద్రత పెరగదు, రిజాల్వర్లకు భారం పెరుగుతుంది.

రిజిస్ట్రార్ల తలుపు

జోన్ ఫైలును ఇంత కాపాడి, పేర్లను జనానికి అమ్మే రిజిస్ట్రార్ల పానెల్‌కు పాస్‌వర్డ్ ఒక్కటే పెడితే తాళం వేసి గొళ్లెం మరచినట్టే. 2012 అక్టోబర్‌లో ఐర్లాండ్‌లో ఒక రిజిస్ట్రార్ ఖాతా ద్వారా గూగుల్, యాహూల డాట్ ఐఈ పేర్ల నేమ్‌సర్వర్లను మార్చేశారు. 2019లో సీ టర్టిల్ అని పేరుపడిన దాడుల్లో ఇది ఇంకా లోతుకు వెళ్లింది. ఆ ముఠా మంత్రిత్వ శాఖల కంప్యూటర్ల జోలికి నేరుగా వెళ్లలేదు. వాటి పేర్లు చూసుకునే రిజిస్ట్రార్లలోకి, రిజిస్ట్రీల్లోకి దూరింది. గ్రీస్ డొమైన్ నడిపే సంస్థ కూడా బాధితుల్లో ఉంది. పద్ధతి తెలుసుకోండి: నేమ్‌సర్వర్ పంక్తిని కొద్ది గంటలు మారుస్తారు, ఆ సమయంలో ఆ పేరు మీద అసలైన సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, మెయిల్ పాస్‌వర్డులు పట్టుకుంటారు, పంక్తిని యథాస్థానంలో పెట్టి వెళ్లిపోతారు. పొద్దున్న చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది. ఈ తరహా దాడుల వల్లే అమెరికా సైబర్ భద్రతా సంస్థ 2019 జనవరి 22న తన ప్రభుత్వ శాఖలకు అత్యవసర ఆదేశం ఇచ్చి, డీఎన్‌ఎస్ రికార్డులన్నీ పది పనిదినాల్లో సరిచూసుకోమంది.

రిజిస్ట్రార్లు మీతో మాట్లాడే ఈపీపీ కనెక్షన్‌కు టీఎల్‌ఎస్ గుప్తీకరణ, వారి సొంత సర్టిఫికెట్, ముందే చెప్పిన ఐపీ చిరునామాలు, ఈ మూడూ ఉండాలి. వెబ్ పానెల్‌కు రెండో అంచె గుర్తింపు తప్పనిసరి, ఎస్‌ఎంఎస్ కాకుండా హార్డ్‌వేర్ కీ అయితే మేలు. మీ హెల్ప్ డెస్క్ సిబ్బంది ఫోన్ మీద పాస్‌వర్డ్ మార్చకూడదు, అవతలి గొంతు ఎంత పరిచయమైనదైనా సరే.

ముఖ్యమైన పేర్లకు రిజిస్ట్రీ లాక్ ఇవ్వండి. లాక్ ఉన్న పేరు ఈపీపీ ద్వారా మారదు. యజమాని తరఫున ముందే నమోదైన ఇద్దరు మనుషులు చెప్పాలి, మీరు తిరిగి ఫోన్ చేసి రహస్య వాక్యం అడగాలి, మీ వైపు కూడా ఇద్దరు కలిసి తెరవాలి. దీన్ని చాలా రిజిస్ట్రీలు ఖరీదైన సేవగా అమ్ముతాయి. ప్రజల ప్రాణాలు, డబ్బు ఆధారపడిన పేర్లకైనా ఉచితంగా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. కాపలా పేర్ల జాబితాలో ఏ ఒక్కదాని నేమ్‌సర్వర్ మారినా, డీఎస్ రికార్డు తొలగినా, నిమిషంలో ఆ పేరు యజమానికి వేరే మార్గంలో కబురు వెళ్లాలి.

దుర్వినియోగం, ధర

ఉచితంగా పేర్లిస్తే అందరూ ఇంటర్నెట్‌లోకి వస్తారనేది మంచి ఆలోచనే. టోకెలావు డాట్ టీకే, మాలి డాట్ ఎంఎల్, గాబన్ డాట్ జీఏ లాంటివి ఫ్రీనమ్ అనే సంస్థ చేతికి వెళ్లి ఉచితంగా పంచబడ్డాయి. వాటిని మోసగాళ్లు విపరీతంగా వాడుకున్నారు. 2023 మార్చిలో మెటా వేసిన దావా బయటికి వచ్చేసరికి ఫ్రీనమ్ కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది. గాబన్, మాలి తమ డొమైన్లను ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నాయి. కానీ చెడ్డపేరు ఒకసారి పడ్డాక మెయిల్ ఫిల్టర్లు ఆ డొమైన్ మొత్తాన్నీ అనుమానంగా చూస్తాయి. దాని భారం నిజాయితీగా చిన్న వ్యాపారం పెట్టుకున్న మనిషి మీద పడుతుంది. కాబట్టి మొదటి ఏడాది దాదాపు ఉచితం అనే ఆఫర్లు పెట్టే ముందు బాగా ఆలోచించండి.

ఫిర్యాదు వచ్చినప్పుడు రెండు రకాలను విడదీయడం నేర్చుకోండి. మోసానికే కొన్న పేరు ఒకటి, ఎవరిదో మంచి పేరే అయి ఉండి వారి సైటు హ్యాక్ అయినది ఇంకొకటి. మొదటిదాన్ని వేగంగా ఆపండి. రెండోదాన్ని ఆపితే ఒక బడి, ఒక క్లినిక్ మెయిల్‌తో సహా మూగబోతుంది. అక్కడ రిజిస్ట్రార్ ద్వారా యజమానికి చెప్పి శుభ్రం చేయించాలి. రిజిస్ట్రేషన్ తేదీ, అదే గంటలో అదే ఖాతా కొన్న మిగతా పేర్లు, డబ్బు కట్టిన తీరు చూస్తే తేడా చాలావరకు తెలిసిపోతుంది.

రిజిస్ట్రీలు కలిసి పనిచేస్తే ఎంత సాధ్యమో కాన్‌ఫికర్ వార్మ్ (తనంతట తాను పాకే వైరస్ లాంటి ప్రోగ్రాము) చూపించింది. 2009 ఏప్రిల్‌లో దాని కొత్త రూపం తనకు ఆదేశాలు వెతుక్కోవడానికి రోజుకు 50,000 పేర్లను 110కి పైగా దేశపు, ఇతర డొమైన్లలో పుట్టించడం మొదలుపెట్టింది. ఏ పేర్లు పుడతాయో పరిశోధకులు ముందే లెక్కకట్టి పంపితే, రిజిస్ట్రీలు వాటిని ముందుగానే మూసివేశాయి. ఇలాంటి జాబితా వచ్చినప్పుడు మీ దగ్గర దాన్ని ఎవరు అందుకోవాలి, అందులో ఇప్పటికే ఎవరో వాడుతున్న పేరు ఉంటే ఏం చేయాలి అని ముందే రాసి పెట్టుకోండి.

కొనేవారి గుర్తింపు అడగాలా అనేది పెద్ద ప్రశ్న. డెన్మార్క్ రిజిస్ట్రీ 2017 నుంచి గుర్తింపు తనిఖీ కఠినం చేసింది. అందరినీ ఒకే జల్లెడ పట్టకుండా, అనుమానం కలిగించే రిజిస్ట్రేషన్లను మాత్రమే గట్టిగా పరీక్షించడం నాకు మేలనిపిస్తుంది. బాగా సున్నితమైన రంగాలకు ప్రత్యేకమైన ఆవరణ కట్టవచ్చు. భారత రిజర్వ్ బ్యాంక్ 2025లో బ్యాంకులకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చోటు ప్రకటించి, బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదాన్నే దానికి రిజిస్ట్రార్‌గా పెట్టింది. అక్కడ పేరు కావాలంటే బ్యాంకై ఉండాలి.

ఆర్డరు పట్టుకుని మనిషి వచ్చినప్పుడు

ఏదో ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ వస్తుంది. "ఈ సైటు వెంటనే తీసేయండి, కాగితం సోమవారం పంపుతాం." ఆ క్షణంలో మీ సిబ్బంది చేతిలో ఒక ఫారం ఉండాలి. ఎవరు అడుగుతున్నారు, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద, అక్షరం పొల్లుపోకుండా ఏ పేరు, ఏం చేయమంటున్నారు, ఎంతకాలం, సంతకం ఎవరిది? ఫారం నిండాక, వచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందే ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. దొంగ ఆర్డర్లు కూడా వస్తాయి. ఇక్కడే సైబర్ భద్రత, చట్టం ఒకటవుతాయి. రిజిస్ట్రీ లాక్ తెరవడానికి అడిగే జాగ్రత్తే ఇక్కడా అడుగుతున్నాం.

"తీసేయడం" అనే మాటకు మీ దగ్గర నాలుగు అర్థాలున్నాయని అధికారికి ఓపికగా చెప్పండి. పేరును జోన్ నుంచి తాత్కాలికంగా ఆపడం, మారకుండా బిగించడం, వేరొకరికి బదిలీ చేయడం, పూర్తిగా రద్దు చేయడం. రద్దు చేస్తే ఆ పేరును రేపు మరొకరు, బహుశా అదే మోసగాడు, మళ్లీ కొనగలడు. దర్యాప్తు నడుస్తుంటే సాధారణంగా ఆపి బిగించడమే సరైనది. రిజిస్ట్రీ ఒక పేజీనో ఒక ఫొటోనో తీయలేదని కూడా చెప్పాలి. మన చేతిలో ఉన్నది పేరు మాత్రమే. దాన్ని ఆపితే దాని కింద ఉన్న సైటంతా, మెయిళ్లన్నీ పోతాయి. ఈ సంగతి తెలియని జడ్జిలు, పోలీసు అధికారులు చాలామంది ఉంటారు, అది వారి తప్పు కాదు. ఏడాదికి రెండుసార్లు వారిని పిలిచి ఒక పూట కూర్చోబెట్టి చూపించండి. ఈ ఒక్క పని ఎన్నో తప్పుడు ఆర్డర్లను పుట్టకముందే ఆపుతుంది.

ఒత్తిడి పెద్ద స్థాయిలోనూ రావచ్చు. 2022 ఫిబ్రవరి చివర ఉక్రెయిన్ ప్రభుత్వం డాట్ ఆర్‌యూను రద్దు చేయమని ఐకాన్‌ను కోరింది. దాడికి గురైన దేశం అడిగిన కోరిక, మనసును కదిలించేదే. కొద్ది రోజుల్లోనే ఐకాన్ కుదరదని చెప్పింది. ఇంటర్నెట్ పనిచేసేలా చూడటమే తమ పని, దాన్ని శిక్షగా వాడటానికి తమకు అధికారం లేదన్నది ఆ జవాబు సారం. మీకు చట్టం ఇచ్చిన అధికారం ఎక్కడ ఆగుతుందో తెలిసి ఉంటే, మీరూ అంత మర్యాదగా, అంత స్పష్టంగా "కాదు" అనగలరు. వచ్చిన ఆర్డర్లు ఎన్ని, ఎన్ని అమలు చేశారు, ఎన్నింటిని తిప్పి పంపారు అన్న లెక్కను ఏటా ప్రచురించండి.

యజమాని వివరాల మీద రెండు చట్టాలు రెండు వైపులా లాగుతాయి. 2018 మే 25న యూరప్ వ్యక్తిగత సమాచార చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక హూయిజ్‌లో వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు మూతపడ్డాయి. అదే యూరప్ తెచ్చిన సైబర్ భద్రతా ఆదేశం ఎన్‌ఐఎస్2, వివరాలు సరైనవని తనిఖీ చేసి ఉంచాలని, న్యాయమైన అవసరంతో అడిగినవారికి 72 గంటల్లోగా జవాబివ్వాలని అంటుంది. రెండూ కలిసేది ఒక్కచోటే: వివరాలు సేకరించండి, సరిచూడండి, అందరికీ చూపకండి, ఎవరు ఎందుకు చూశారో రాసి పెట్టండి. హూయిజ్ స్థానంలో వచ్చిన ఆర్‌డాప్ అయితే అడిగేవారిని బట్టి వేర్వేరు స్థాయిల్లో చూపించడం తేలిక.

సంఘటన జరిగితే ఎవరికి ఎంతలో చెప్పాలి అన్న గడియారాలు కూడా వేర్వేరు. ఎన్‌ఐఎస్2 కింద 24 గంటల్లో మొదటి హెచ్చరిక, 72 గంటల్లో వివరం, నెలలోపు తుది నివేదిక. భారత్‌లో సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లోపే చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. మీకు వర్తించేవాటిలో అన్నిటికంటే చిన్న గడియారాన్ని పట్టుకుని ఖాళీలు పూరించే నమూనా లేఖ ఒకటి సిద్ధం చేయండి. ఇంజినీరు మంట ఆర్పుతుంటే లేఖ రాయడానికి వేరే మనిషి ఉండాలి.

నడిపే కంపెనీ మారాల్సి వస్తే

సాంకేతిక పనిని బయటి సంస్థకు ఇవ్వడం తప్పు కాదు. కానీ ఒప్పందంలో విడిపోయే అధ్యాయాన్ని మొదట రాయండి. డేటా మీదని, రోజూ ఒక కాపీ మూడో వ్యక్తి దగ్గర ఎస్క్రోలో పడుతుందని, సంతకం కీల బదిలీకి వారు సహకరించాలని ఉండాలి. ఎస్క్రో కాపీని ఏడాదికోసారి విప్పి దానితో నిజంగా రిజిస్ట్రీ నిలబడుతుందో లేదో చూడండి. ఆస్ట్రేలియా 2018 జూలైలో 30 లక్షలకు పైగా పేర్లున్న డాట్ ఏయూను ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చుకోగలిగింది. తయారుగా ఉంటే ఎంత పెద్దదైనా కదులుతుంది. ఆదాయం ఆగిపోయినా ఏడాది నడిచేంత నిధి పక్కన పెట్టండి.

చెడ్డ రోజు కోసం

టీఎల్‌డీ-ఆప్స్ అని దేశపు డొమైన్ల భద్రతా సిబ్బంది ఒకరి నంబర్లు ఒకరు పంచుకునే బృందం ఒకటుంది. చేరడానికి రుసుము లేదు. ఇంకా చేరకపోతే ఈ వారమే చేరండి. ఆ నంబర్లను, ఐయానా అత్యవసర నంబరును, మీ ఎనీకాస్ట్ ఆపరేటర్ల నంబర్లను, పెద్ద ఇంటర్నెట్ ప్రొవైడర్ల నంబర్లను కాగితం మీద ముద్రించి ముగ్గురి ఇళ్లలో పెట్టండి. ప్రొవైడర్ల నంబర్లు ఎందుకంటే, మీరు తప్పు సరిదిద్దాక వారి రిజాల్వర్లలోని పాత జవాబులను తుడవమని అడగాలి. డాట్ ఎస్‌ఈకి ఆ రాత్రి అవసరమైనది అదే.

మీ స్టేటస్ పేజీ వేరే డొమైన్ కింద, వేరే హోస్టింగ్‌లో ఉండాలి. మొదటి అరగంటలోనే "సమస్య ఉంది, చూస్తున్నాం, తర్వాతి కబురు ఇన్ని గంటలకు" అని అక్కడ రాయండి, ఆ గంటకు చెప్పేది ఏమీ లేకపోయినా మళ్లీ రాయండి.

ఏడాదికి రెండుసార్లు రిహార్సల్ చేయండి. ఒకసారి సాంకేతికమైనది: సగం తెగిన జోన్ ఫైలును పరీక్ష వాతావరణంలో వదిలి గుమ్మం దగ్గర ఆగుతుందో లేదో చూడండి. రెండోసారి ఆ శుక్రవారం ఫోన్ కాల్. కొత్తగా చేరిన ఉద్యోగిని కూర్చోబెట్టి, బయటి మనిషితో గట్టిగా బెదిరిస్తూ మాట్లాడించండి. ఆ ఉద్యోగి ఫారం తీశారా, తిరిగి ఫోన్ చేస్తానన్నారా, లేక భయపడి పేరు ఆపేశారా? ఆపేస్తే తప్పు ఆ ఉద్యోగిది కాదు, ఒక్కరే ఆపగలిగేలా వదిలేసిన మీ వ్యవస్థది. ఆ రోజే ఆ బటన్‌కు రెండో మనిషి అనుమతి చేర్చండి.